పదహారంగుళాల చోటు

రోజూ పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు ప్రూఫులమ్మ తన కెమెరాలన్నిటికీ దుమ్ము దులిపేస్తుంది. చాలాసార్లు పాలే ముందు పొంగుతాయి. ముందు గదిలో గోడ పొడవునా ఉన్న అలమరలో పంతొమ్మిది, పక్కన గాజు పెట్టెలో విడిగా ఒకటి. అన్నీ మడత కెమెరాలే. మూసి ఉన్నప్పుడు లావుపాటి పుస్తకంలా చేతిసంచీలో ఇమిడిపోతాయి. పక్కనున్న మీట నొక్కితే ముందు తలుపు వాలుతుంది, లెన్స్ చిన్న పట్టాల మీద ముందుకు జరుగుతుంది, దాని వెనకాల ముడతలు ముడతలుగా నల్ల తోలు తిత్తి సాగుతుంది. ఫిల్ము చుట్ట వేసి ఫొటోలు తీసిన కాలం నాటివి. ఇప్పుడు వాటితో ఫొటోలు తీసేవాళ్లు దాదాపు లేరు గానీ పోగుచేసేవాళ్లు ఉన్నారు. వాళ్లు తిరగడానికి ఆదివారం పాతసామాన్ల సంత ఉంది, కీచులాడుకోవడానికి నెలకోసారి కూడే క్లబ్బు ఉంది.

ఆమెకి ఆ పేరు ప్రెస్సులో పడింది. ఇరవై ఆరేళ్లుగా అక్కడ అచ్చుతప్పులు దిద్దుతోంది. పెళ్లి శుభలేఖ అయినా, పన్నుల శాఖ నివేదిక అయినా ఆమె కంటి కింద నుంచి వెళ్లాల్సిందే. ఒకళ్ల తప్పు దొరికితే ఆమె ముఖం వెలిగిపోతుంది. తన తప్పు ఎవరైనా చూపిస్తే మాత్రం ఆ మనిషితో పదిరోజులు మాట్లాడదు. ఈ సంగతి ప్రెస్సులో అందరికన్నా ఇంట్లో మొగుడికి బాగా తెలుసు. ఆయన సిటీబస్సు డ్రైవరు. ఇరుకు సందులో ఎదురుగా లారీ వస్తున్నా కంగారుపడని మనిషి గనక సంసారం సాగిపోతోంది.

మడత కెమెరా గదిలో తెరిచిపెడితే దాని తిత్తి ఎంత సాగిందో గది కూడా అంత సాగుతుంది, లెన్స్ ఎటు చూస్తుంటే అటు. ఇందులో ఎవరికీ తెలియని విశేషం లేదు. కాకపోతే అది ఏ ఫ్యాక్టరీదో, ఏ ఏడాదిదో సరిగ్గా గుర్తుపట్టి మెడలో చీటీ రాసి కట్టాలి. తప్పు చీటీ కడితే గోరంత కూడా కదలదు. సగం తెలిసిన కెమెరా సగమే ఇస్తుంది. ప్రూఫులమ్మ పంతొమ్మిదీ సరిగ్గా గుర్తుపట్టింది కాబట్టే, చీపురు తిప్పడానికి లేని ముందు గది ఆరడుగులు పొడుగై, అందులో భోజనాల బల్లా, కుట్టుమిషనూ, ఒక బీరువా పట్టాయి. అన్ని కెమెరాలూ కిటికీ గోడ వైపే చూస్తుంటాయి. ఒకసారి డ్రైవరు దుమ్ము దులుపుతూ ఒకదాన్ని వెల్లకిలా పెట్టేశాడు. పైకప్పు నాలుగంగుళాలు లేచింది. ఆ నెలంతా ఫ్యాను గాలి ఎవరికీ తగల్లేదు.

సోమవారం ఆసుపత్రి నుంచి టేపు పట్టుకుని ఒకావిడ వచ్చింది.

ప్రూఫులమ్మకి ఒక అక్క ఉంది, తొమ్మిదేళ్లు పెద్ద. తల్లి త్వరగా పోవడంతో తల దువ్విందీ, బడికి పంపిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ ఆ అక్కే. సినిమాహాల్లో టికెట్ల కిటికీ వెనక ముప్పై అయిదేళ్లు కూర్చుని, పెళ్లీ గిళ్లీ అనకుండా, లిఫ్టు లేని నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉంటోంది. మూడు వారాల కిందట మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే అయింది. కానీ కొన్నాళ్లు చక్రాల కుర్చీ తప్పదన్నారు. నాలుగంతస్తులు ఎక్కే మాట ఇక మర్చిపొమ్మన్నారు.

టేపు మేడమ్ పని, మనిషిని ఇంటికి పంపవచ్చా లేదా అని చూడటం. మంచం పట్టాలి. మంచం పక్కన కుర్చీ పూర్తిగా గుండ్రంగా తిరిగేంత చోటుండాలి. సామానంతా తీసేసినట్టు లెక్కేసి కొలిచింది. కెమెరాలు తెరిచే ఉండనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ తర్వాత మూయకూడదు అంది. రెండుసార్లు కొలిచి కాగితం మీద రాసుకుంది.

"పదహారంగుళాలు తక్కువయ్యాయండీ" అంది.

డ్రైవరు తను అంగుళం సందులో బస్సు తిప్పుతానని, కుర్చీ ఎంతని చెప్పబోయాడు. ఆవిడ వింది గానీ ఒప్పుకోలేదు. శుక్రవారం మళ్లీ వస్తానంది. అప్పటికీ చాలకపోతే శనివారం పేషెంటుని ఊరి బయట ఉన్న హోముకి పంపేస్తారట. అక్కడ ఇలాంటి వాళ్లని చూసుకోవడానికి మనుషులున్నారట, మంచాలకీ లోటు లేదట.

"అక్కడికెళ్లిన వాళ్లు ఎన్నాళ్లకి తిరిగొస్తారు మేడమ్?" అని ప్రూఫులమ్మ అడిగింది.

ఆవిడ టేపు చివరిదాకా చుట్టింది. "రావడానికి ఒక ఇల్లుండాలి కదమ్మా" అంది. చెడ్డమనిషి కాదు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో ప్రూఫులమ్మ ఈ సంగతి చెబితే అక్క నవ్వింది. హౌస్‌ఫుల్ బోర్డు తగిలించే ఉద్యోగం చేసినదాన్ని, చోటు లేదంటే నాకు అర్థం కాదా అంది. నేనేం అనుకోనే అంది. అని గోడ వైపు తిరిగి పడుకుంది. చిన్నప్పుడు ఇంట్లో ఒకే గుడ్డు ఉన్న రోజున కూడా, నాకు గుడ్డంటే వెగటు అని అక్క ఇలాగే గోడ వైపు తిరిగేది.

మంగళవారం ప్రూఫులమ్మ ప్రెస్సుకి సెలవు పెట్టి, మంచం కింద నుంచి ఒక అట్టపెట్టె లాగింది. దాని మీద 'తెలియనివి' అని ఎర్ర సిరాతో రాసి ఉంది. అందులో నాలుగు కెమెరాలున్నాయి. ఏళ్ల తరబడి గుర్తుపట్టలేక, ఒప్పుకోలేక దాచిపెట్టినవి.

మొదటిది అరచేతిలో పట్టేంత చిన్నది. తోలు మీద పేరు అరిగిపోయింది. ముఖానికి రాసుకునే పౌడరు దాని మీద అద్ది, కిటికీ తలుపులు మూసి, టార్చిని పక్కవాటుగా పట్టి చూసింది. అరిగిన గాడిలో పౌడరు నిలిచి, సన్నగా ఒక బాణం గుర్తు తేలింది. బాణం ఫ్యాక్టరీ జేబు కెమెరాలు నాలుగు రకాలే చేసింది, వాటిలో ఇంత చిన్నది ఒక్కటే. చీటీ రాసి కట్టి తెరిచింది. కిటికీ గోడ మెల్లగా మూడంగుళాలు వెనక్కి జరిగింది. డ్రైవరు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె పౌడరు కొట్టుకున్న చేతులతోనే టీ ఇచ్చింది.

రెండోదానికి పేరే లేదు. కానీ ఫిల్ము మీది అంకెలు కనిపించడానికి వెనక మూతకి ఎర్రగాజు కిటికీ ఉంటుంది కదా, దీనికి అవి రెండున్నాయి. ఒకే ఫిల్ములో పెద్ద ఫొటోలైనా, చిన్న ఫొటోలైనా తీసుకునే ఏర్పాటు అది. అలా రెండు కిటికీలు ఒకదాని పక్కన ఒకటి పెట్టింది కొంగ ఫ్యాక్టరీ, అదీ మూడేళ్లే. నాలుగంగుళాలు. మూడోదాని మీద ఏదో బట్టల దుకాణం పేరు అచ్చొత్తి ఉంది. పెద్ద దుకాణాలు ఫ్యాక్టరీల చేత కెమెరాలు చేయించి తమ పేరు కొట్టుకునేవి. కాబట్టి తోలు మీది పేరుని నమ్మకూడదు. ఈ ముక్క క్లబ్బులో కొత్తవాళ్లకి ప్రూఫులమ్మే చెబుతుంటుంది. ముందు తలుపుకి కెమెరాని నిలబెట్టడానికి మడిచే కాలు ఒకటి ఉంటుంది. ఆ కాలు వంపు తన అలమరలోని బాణం కెమెరాల వంపుతో అచ్చంగా సరిపోయింది. ఇంకో నాలుగు.

నాలుగోది తుప్పుపట్టి తెరుచుకోలేదు. బుధవారమంతా నూనె పోసి, బతిమాలి, తిట్టి తెరిస్తే లోపల తిత్తి లేదు, లెన్స్ లేదు. ఎవరో దాన్ని గుండీల డబ్బాగా వాడుకున్నారు.

రాత్రి భోజనాలయ్యాక డ్రైవరు టేపు పెట్టి కొలిచాడు. పదకొండు అంగుళాలు వచ్చాయి. ఇంకా ఐదు కావాలి. గోడ సున్నం గీకేస్తే అర అంగుళం రాదా అన్నాడు. ఇల్లు ఇరకాటం, ఆలు మర్కటం అని పెద్దలు ఊరికే అన్నారా అని కూడా అన్నాడు. నవ్విద్దామనే అన్నాడు పాపం. ఆమె నవ్వలేదు. బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ గాజు పెట్టెలోది అంగుళం కూడా ఇవ్వట్లేదు కదా" అన్నాడు. "పెద్ద కెమెరా అది. ఆరంగుళాల తిత్తి."

పదకొండేళ్లలో ఈ మాట ఆయన నోట రావడం ఇదే మొదటిసారి.

ఆ కెమెరా అక్క ఇచ్చింది. ప్రూఫులమ్మకి పదిహేనేళ్లప్పుడు, బడికి వెళ్లే దారిలో ఒక దుకాణం అద్దాల వెనక కొంగ ఫ్యాక్టరీ కెమెరా ఉండేది. ఆ పిల్ల రోజూ దాని ముందు నిలబడి బడి గంట మోగేదాకా చూసేది. టికెట్ల కిటికీలో ఉద్యోగం వచ్చిన తొలి ఏడాది చివర్న అక్క ఒక పొట్లం తెచ్చి ఒళ్లో పెట్టింది. విప్పితే లెన్స్ చుట్టూ కొంగ పేరు, చేత పట్టుకునే తోలు పట్టీ మీద కొంగ బొమ్మ. అక్కడ మొదలైంది ఈ పిచ్చి. ఆ తర్వాత పోగుచేసినవన్నీ దాని వెనక వచ్చినవే.

పదకొండేళ్ల కిందట దాన్ని క్లబ్బుకి తీసుకెళ్లింది. అందరూ చేతులు మార్చుకుంటూ మెచ్చుకుంటుంటే, కళ్లజోళ్ల షాపాయన మాత్రం దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇది కొంగది కాదమ్మా, దేనికో కొంగ తల అతికించారు అన్నాడు. నలభై మంది నవ్వారు. ఆమె కెమెరా లాక్కుని వచ్చేసింది. అప్పటినుంచీ ఆయనతో మాటల్లేవు. కళ్లజోడు మార్చుకోవాలన్నా రెండు బస్సులు మారి వేరే షాపుకి వెళుతుంది. తిత్తి తోలు పాతబడి బిగుసుకుపోయింది, అందుకే చోటివ్వట్లేదు అని అడిగిన వాళ్లకీ, అడగని వాళ్లకీ చెబుతుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

డ్రైవరు కంచాలు తీసి కడగడానికి వెళ్లిపోయాడు. ఆమె చాలాసేపు కూర్చుని, గాజు పెట్టె తాళం తీసి కెమెరాని ఒళ్లోకి తీసుకుంది. తోలు మెత్తగానే ఉంది. ఎప్పుడూ మెత్తగానే ఉంది. ఆ సంగతి ఆమెకి తెలుసు.

గురువారం మధ్యాహ్నం కళ్లజోళ్ల షాపు తలుపు తోసింది. ఆయన ఒక లావుపాటి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి గోడ మీది అక్షరాలు చదివిస్తున్నాడు. ఆమెని చూసి ముక్కు మీది కళ్లజోడు నుదుటి మీదకి తోసి, నుదుటి మీది కళ్లజోడు ముక్కు మీదకి దించుకున్నాడు. ఆమె కెమెరా తీసి, తెరిచి, బల్ల మీద పెట్టింది.

"ఇది కొంగది కాదు" అంది. "మరి దేనిదో నాకు తెలియదు. చెప్పండి."

ఆయన గెలిచినట్టు నవ్వుతాడని ఆమె పళ్లు బిగపట్టుకుని ఉంది. ఆయన నవ్వలేదు. కుర్చీలో ఉన్న మనిషిని ఒక్క నిమిషం అలాగే ఉండమని, స్టూలు లాగి ఆమెని కూర్చోమన్నాడు. మీరే చూడండి అని భూతద్దం ఆమె చేతికే ఇచ్చాడు. వెనక మూత తీసి ఫిల్ము పరిచే చోటు స్కేలు పెట్టి కొలవమన్నాడు. పోస్టుకార్డంత ఉంది. కొంగ ఫ్యాక్టరీ అంత పెద్ద కెమెరా ఎప్పుడూ చెయ్యలేదు. ఈ సంగతి ఆమెకీ తెలుసు. ఇన్నేళ్లూ ఇదొక్కటే ప్రత్యేకంగా చేశారేమోనని తనకి తాను సర్దిచెప్పుకుంది. తర్వాత లెన్స్ చుట్టూ చూడమన్నాడు. అక్కడ సన్నని ఇత్తడి చుట్టు ఒకటి ఉంది. చిన్న లెన్స్‌ని పెద్ద కన్నంలో బిగించడానికి వేసింది అది. చివరికి మూల దగ్గర లేచిన తోలుని గోటితో కాస్త ఎత్తమన్నాడు. ఆమె ఎత్తింది. తోలు కింద రేకు మీద తాళంచెవి గుర్తు కొట్టి ఉంది.

తాళంచెవి ఫ్యాక్టరీ పోస్టుకార్డు కెమెరా. లక్షల్లో చేశారు. సంతలో కుప్పగా పోసి అమ్ముతారు. ప్రూఫులమ్మ తలెత్తకుండా కెమెరా మెడలోని చీటీ విప్పి, పాత రాత కొట్టేసి, కొత్త పేరు రాసి, మళ్లీ కట్టింది. కట్టగానే వెనక నుంచి లావుపాటి మనిషి గొంతు వినిపించింది.

"ఏవండీ, ఇందాక ఆఖరి వరస చదివాను కదా. ఇప్పుడు కనిపించట్లేదు."

అక్షరాల గోడ వెనక్కి జరిగింది. కళ్లజోళ్లాయన టేపు తెచ్చి కొలిచి, మూడంగుళాలేనన్నాడు. ఆరు రావాలి. ఆయన కెమెరాని మళ్లీ తిప్పి చూశాడు. పెట్టె తేలింది, లెన్స్ సంగతి తేలలేదు, ఈ పని ఎవరు చేశారో, ఎందుకు చేశారో తెలిస్తే గానీ మిగతా సగం రాదు అన్నాడు. అది నాకు తెలిసే విషయం కాదు అన్నాడు. ఆమె లేచి తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి పిలిచాడు.

"ఆ రోజు నేను చెప్పింది నిజమే గానీ, నలుగురిలో అలా చెప్పకుండా ఉండాల్సిందమ్మా."

ప్రూఫులమ్మ తలూపింది. బయటికి వచ్చాక, ఇంత తేలిగ్గా ఉండే పనికి పదకొండేళ్లు ఎందుకు పట్టిందా అనుకుంది. అంతలోనే లెక్క గుర్తొచ్చింది. పదకొండూ మూడూ పద్నాలుగు. ఇంకా రెండంగుళాలు తక్కువ.

బస్సు ఎక్కి నేరుగా ఆసుపత్రికి వెళ్లింది. అక్క దిళ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్క మంచం మీది ముసలావిడ నిద్రపోతోంది. ప్రూఫులమ్మ భోజనం పెట్టే చిన్న బల్లని ముందుకి లాగి, దాని మీద కెమెరా పెట్టి తెరిచింది. అక్క చీటీ చూసింది. చదివింది. ముఖంలో రంగు పోయింది.

ప్రూఫులమ్మకి తను ఏం అడగాలో తెలుసు. అడిగితే అక్కకి ఎలా ఉంటుందో కూడా తెలుసు. నీ బహుమతి నకిలీ అని చెప్పడానికి, మంచాన పడ్డ మనిషి దగ్గరికి ఎవరైనా వస్తారా? అడగకపోతే రెండంగుళాలు రావు. ఆమె అక్కడే నిలబడి, కక్కలేక మింగలేక, బల్ల అంచు గోకుతూ ఉండిపోయింది.

అక్కే మాట్లాడింది.

"తెలిసిపోయిందా?" అంది.

"పెట్టె తెలిసింది. లెన్స్ ఎవరు మార్చారో తెలియలేదు."

"నేనే మార్పించాను."

తర్వాత అక్క అంతా చెప్పింది, టికెట్ల కిటికీలోంచి మాట్లాడినట్టు వరసగా, తడబడకుండా. అద్దాల వెనకున్న కొంగ కెమెరా ఖరీదు తన ఏడాది జీతంకన్నా ఎక్కువట. దుకాణాయన దగ్గర బండి కింద పడి నలిగిపోయిన కొంగ కెమెరా ఒకటి ఉందట. పెట్టె పనికిరాదు గానీ లెన్సూ, పట్టీ బాగున్నాయట. కావాలంటే వాటిని తాళంచెవి పెట్టెకి బిగించి ఇస్తానన్నాడట. నేనడిగిందల్లా ఒక్కటే, మా చెల్లెలికి పేరు కనబడాలి అన్నాను, అని చెప్పింది అక్క. ఇత్తడి చుట్టు చేయించడానికి వారం పట్టిందట. ఆ వారమంతా అక్క సాయంత్రాలు వెళ్లి ఆ పని చూస్తూ కూర్చునేదట.

"నువ్వు పేరు చదివి గంతులేశావు. ఇక నాకు నోరు రాలేదే" అంది. "ఆ షాపాయన ఏదో అన్నాడని ఏడుస్తూ వచ్చావు చూడు, అప్పుడు చెప్పేద్దామనుకున్నా. ముందు ఏడుపు ఆగనీ అనుకున్నా. ఆగాక, ఆగింది కదా అని ఊరుకున్నా. మీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ అది గాజు పెట్టెలో ఉండి, చోటివ్వకుండా, నన్నే చూస్తున్నట్టుండేది. వీపు దానివైపు పెట్టి కూర్చునేదాన్ని. నువ్వు గమనించలేదు."

గమనించలేదు. అచ్చులో కామా పక్కకి జరిగితే పట్టుకునే మనిషి, ముప్పై ఏడేళ్లు అక్క ఎటు తిరిగి కూర్చుంటుందో చూడలేదు. ప్రూఫులమ్మకి కోపం రాలేదు. వస్తుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూసింది గానీ రాలేదు. ఇత్తడి చుట్టు తయారవుతుంటే దుకాణంలో స్టూలు మీద కూర్చుని చూస్తున్న ఇరవై నాలుగేళ్ల అక్క కళ్లముందు కదిలింది. ఆరోజుల్లో అక్కకి చెప్పులు కూడా సరైనవి లేవు.

"నాకు ఫొటోలు తియ్యడం రాదని తెలిసి కూడా ఎందుకు కొన్నావక్కా?" అని అడిగింది.

"నీకు బడి ఆలస్యమవుతోందని రోజూ తిడుతున్నారుగా" అంది అక్క.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతుంటే తుంటి నొప్పెట్టి అక్క దిండు పట్టుకుంది. ప్రూఫులమ్మ కళ్లు తుడుచుకుని, చీటీ వెనక్కి తిప్పి, ఎర్ర పెన్నుతో రాసింది: 'లెన్స్, పట్టీ కొంగవి. అక్క దగ్గరుండి పెట్టించింది.' చుక్క పెట్టాక గది కదిలింది. పక్క మంచం ముసలావిడతో సహా మూడంగుళాలు దూరం జరిగింది. ముసలావిడ లేవలేదు. తర్వాత మందులు తెచ్చిన నర్సు ఆ మధ్యలో కొత్తగా వచ్చిన చోటు చూసి, స్టూలు అక్కడికి లాక్కుని హాయిగా కూర్చుని మాత్రలు లెక్కపెట్టింది.

శుక్రవారం పదింటికి టేపు మేడమ్ వచ్చింది. తాళంచెవి కెమెరా అలమరలో మిగతావాటి పక్కన, కిటికీ గోడని చూస్తూ ఉంది. గాజు పెట్టె ఖాళీ. ఆవిడ ఈసారి మూడుసార్లు కొలిచింది. డ్రైవరు ఊపిరి బిగపట్టి గోడకి అంటుకుపోయి నిలబడ్డాడు, తను పీలిస్తే గది తగ్గిపోతుందేమో అన్నట్టు.

"అంగుళం ఎక్కువే ఉంది" అంది ఆవిడ. ఫారంలో 'గదిలో కదపకూడని వస్తువులు' అనే గడి దగ్గర పెన్ను ఆపి, మొత్తం ఎన్ని కెమెరాలని అడిగింది. ఇరవై మూడని ప్రూఫులమ్మ చెప్పింది. ఆవిడ ఇరవై మూడని రాసి సంతకం చేసింది. అప్పుడు డ్రైవరు బయటికి వదిలిన గాలికి బల్ల మీది కాగితాలు లేచాయి. ప్రూఫులమ్మ వంటింట్లోకి వెళ్లి, పొయ్యి ముందు నిలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కరువుతీరా ఏడ్చింది. దుఃఖం కాదది. ఐదు రోజులుగా గుండెల మీదున్న బండ దిగిపోయిన ఏడుపు.

శనివారం మధ్యాహ్నం అక్కని తీసుకొచ్చారు. లిఫ్టు దగ్గర నుంచి డ్రైవరే కుర్చీ తోసుకొచ్చాడు. గుమ్మం దాటాక, వదినగారూ, చేతులు లోపలికి పెట్టుకోండి అని హెచ్చరించి, మంచం పక్కన కుర్చీని పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూపించాడు. ఎక్కడా తగల్లేదు. మరిదిగారూ, ఇంకోసారి తిప్పండి అని అక్క అడిగింది. ఆయన ఇంకోసారి తిప్పాడు. అయినా ఆమె మొహంలో ఏదో బిగువు అలాగే ఉంది. ఆసుపత్రిలో బట్టలు సర్దిన గుడ్డసంచీని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. చెల్లెలు తీసుకోబోతే, ఉండనీలే అంది. మరిది అడిగితే, బరువేం లేదులెండి అంది. మంచం మీదకి మార్చినప్పుడు కూడా వదల్లేదు. దాన్ని పొట్ట మీద పెట్టుకుని, ఏ స్టేషన్లో దింపేస్తారో అన్నట్టు కూర్చుంది.

అప్పుడే ఫోను మోగింది. ఊరి బయట హోము నుంచి. మంచం సిద్ధంగా ఉంది, సాయంత్రం లోపు తీసుకొస్తున్నారా అని అడిగారు. ఆసుపత్రి వాళ్లు ఇంకా కబురు చెప్పినట్టు లేదు. ప్రూఫులమ్మ ఫోను పట్టుకుని అక్క వైపు చూసింది. అక్క కిటికీ బయటికి చూస్తోంది గానీ వింటోంది.

"రావడం లేదండీ" అంది ప్రూఫులమ్మ. "మా అక్క ఇక్కడే ఉంటుంది. ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి."

అటువైపు వాళ్లు ఎన్నాళ్లు ఆపి ఉంచమంటారని అడిగినట్టున్నారు.

"ఆపొద్దు. పేరు కొట్టేయండి" అంది. పేరు ఒకటికి రెండుసార్లు అక్షరం అక్షరం చెప్పి, కొట్టేశారని రూఢి చేసుకుని ఫోను పెట్టేసింది.

అక్క పొట్ట మీది సంచీ ముడి విప్పింది. దువ్వెన తీసి దిండు పక్కన పెట్టుకుంది. రెండు చీరలు తీసి మంచం మీద పెట్టింది. తర్వాత ఖాళీ సంచీని నాలుగు మడతలు పెట్టి చెల్లెలికి అందించింది.

"బీరువాలో అడుగున పెట్టెయ్యి" అంది. "దీంతో ఇక పనిలేదు."

ప్రూఫులమ్మ సంచీ తీసుకుని బీరువా తలుపు తెరిచింది. వెనక్కి తిరిగి చూసేసరికి అక్క నిద్రపోయింది.